ఒకటే కయాక్ కొనాలి: వేగమూ కావాలి, క్యాంపింగ్‌కీ పనికిరావాలి

గౌతమి పాయ:

అందరికీ నమస్కారమండి. అమెరికాలో, సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో ఉంటాను. వయసు 44, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 76 కిలోలు. మాది ముక్తేశ్వరం, కోటిపల్లి రేవుకి ఆవలి ఒడ్డు. చిన్నప్పుడు పంటెక్కి గౌతమి దాటడమే తప్ప తెడ్డు చేత్తో పట్టింది లేదు. మోకాలు ఇక పరుగుకి పనికిరాదని తేలాక, మూడేళ్ల కిందట ఆఫీసులో ఒకాయన ఊరు మారుతూ అమ్మేసిన 14 అడుగుల ప్లాస్టిక్ కయాక్ కొన్నాను. అప్పటి నుంచి లేక్ సమామిష్ నా జిమ్ము. వారానికి మూడు రోజులు పొద్దున్నే ఐడిల్‌వుడ్ పార్కు దగ్గర పడవ దించుతాను. దక్షిణం వైపు 5 కిలోమీటర్లు, వెనక్కి 5.

మామూలుగా వేస్తే గంటకి 6.4 కిలోమీటర్లు వస్తోంది. గట్టిగా వేస్తే 8 దాకా పోతుంది. ఆ పైన ఏం చేసినా కదలదు. ముక్కు ముందు నీళ్లు గుట్టలా లేస్తాయి, వెనక భాగం కిందికి కూర్చుంటుంది, గుండె మాత్రం 165 కొట్టేస్తుంది. గేదె మీద కూర్చుని గుర్రప్పందేనికి వెళ్లినట్టుంది నా పరిస్థితి.

నాకు కావలసింది రెండు పనులకీ ఒకే పడవ. వారంలో మూడు పొద్దులు చెమట పట్టేలా వేసుకోవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు టెంటు, బియ్యం, నీళ్లు పెట్టుకుని శాన్ వాన్ దీవులకి వెళ్లి మూడు రాత్రులు ఉండి రావాలి. రెండు పడవలకి చోటు లేదు. ఇల్లు కొన్నప్పుడు గరాజ్ లోతు 20 అడుగులన్నారు. టేపు పెట్టి కొలిస్తే, వెనక గోడకి ఆనించిన రెండో ఫ్రిజ్ పోగా మిగిలింది 17 అడుగుల 9 అంగుళాలు. ఆ ఫ్రిజ్ నిండా మా అత్తగారు పంపిన ఆవకాయ, మాగాయ. దాన్ని కదిపే మాట ఇంట్లో ఒకసారి ఎత్తాను, మళ్లీ ఎత్తను.

చూస్తున్నవి ఇవి: 18 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పున్న ఎపిక్ 18ఎక్స్ స్పోర్ట్. అదే కంపెనీ 16ఎక్స్, అది 16 అడుగులు, 23 అంగుళాలు. వేల్స్‌లో తయారయ్యే రాక్‌పూల్ టారన్ ఫొటోలు చూసి మనసు పడ్డాను కానీ ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో దొరకడం లేదు. షాపులో కుర్రాడు "18 కన్నా చిన్నది కొంటే ఏడాదిలో బాధపడతారు" అన్నాడు. నిజమేనా?

ఇంకొక్కటి, నవ్వకండి. టకోమా నుంచి పోర్ట్ టౌన్‌సెండ్ దాకా 70 మైళ్లు, 48 గంటల్లో పూర్తి చేసే సెవెంటీ48 ఒక్కసారైనా చెయ్యాలని ఉంది.

వింగు పిచ్చి:

అన్నా, కయాక్ మానేసి సర్ఫ్‌స్కీ కొను. ఎపిక్ వీ8 తీసుకో. అదీ 18 అడుగులే, 22 అంగుళాలే. పైన కూర్చుంటావు కాబట్టి లోపల నీళ్లు నిండడం, పంపు కొట్టడం, నీళ్లు రాకుండా నడుం చుట్టూ స్కర్ట్ బిగించుకోవడం ఏవీ ఉండవు. బోల్తా పడితే పక్క నుంచి పొట్ట మీద ఎక్కి, తిరిగి కూర్చుని, పోతావు. నేను బే ఏరియాలో ఉంటాను. ఇక్కడ నాకు తెలిసినవాళ్లలో "ఫిట్‌నెస్‌కి కయాక్" అని మొదలెట్టిన ప్రతివాడూ రెండేళ్లకి స్కీ మీదే తేలాడు. ఆ రెండేళ్లూ, మధ్యలో కొన్న పడవ డబ్బులూ మిగుల్చుకో. క్యాంపింగ్ అంటావా, వెనక సామాను పెట్టుకునే చిన్న హ్యాచ్ ఉన్న మోడళ్లు వస్తున్నాయి. వీ7 చూడు. ప్లాస్టిక్కే, రాళ్లకి తగిలినా ఏడుపు రాదు.

వింగ్ పాడిల్, అంటే ఆకు చెంచాలా వంగిన తెడ్డు, లేకుండా మాత్రం ఏ పడవా కొనకు. ఇంజనంతా అందులోనే ఉంది.

భీమిలి తెప్ప:

షాపు కుర్రాడి మాట పక్కన పెట్టు తమ్ముడూ. నాకు 61, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు. అనకోర్టెస్‌లో ఉంటాను, 22 ఏళ్లుగా ఈ నీళ్లలోనే తిరుగుతున్నాను. నీ ప్రశ్నకి జవాబు కన్నా ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

2009లో నాకూ వేగం పిచ్చి పట్టింది. దాదాపు 20 అడుగులది, నా తుంటి ఇరుక్కునేంత సన్నటిది ఒకటి కొన్నాను. కదలని నీళ్లలో కత్తిలా పోయేది. వాచీ చూసుకుని మురిసిపోయేవాణ్ని. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరం గ్వెమెస్ చానెల్‌లో తిరిగి వస్తున్నాం. పాటు, అంటే వెనక్కి తీసే నీరు, పడమరకి లాగుతోంది, గాలి పడమర నుంచి కొడుతోంది. ప్రవాహానికి గాలి ఎదురైతే కెరటం పొట్టిగా, నిటారుగా లేస్తుంది, ఒకదానికి ఒకటి సందు ఇవ్వదు. నాతో వచ్చినాయనది ముక్కూ తోకా పైకి లేచిన పాత బ్రిటిష్ తరహా పడవ. కాగితం మీద నా దానికన్నా బాగా నెమ్మది. ఆయన ఏదో కూనిరాగం తీసుకుంటూ ముందుకి పోయాడు. నేను మూడు తెడ్లు వేస్తే నాలుగోది పడిపోకుండా నీళ్ల మీద చరచడానికే సరిపోయింది. నేను రేవు చేరేసరికి ఆయన కాఫీ తాగేసి కప్పు కూడా కడిగేశాడు. ఆ చలికాలమే ఆ పడవ అమ్మేశాను.

అందుకని పడవ వేగం కొలవాల్సింది నీకు బాగా లేని రోజున. ఏడో మైలులో, భుజాలు లాగుతున్నప్పుడు, పక్క నుంచి అల వస్తున్నప్పుడు కూడా నువ్వు ఒళ్లు బిగపట్టకుండా తెడ్డు వేయగలుగుతున్నావా లేదా అన్నదే లెక్క. పడిపోతానేమోనన్న టెన్షన్ ఉంటే నడుము తిరగదు. నడుము తిరక్కపోతే చేతులతో లాగుతావు. చేతులెంతసేపు ఆగుతాయి?

ఇప్పుడు పొడవు సంగతి. నీటిని తాకే పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవల వేగం కొలిచే నాట్స్‌లో ఒక అంకె వస్తుంది. ఆ వేగం దగ్గరికొచ్చేసరికి పడవ తను లేపిన అలనే తను ఎక్కాల్సి వస్తుంది. 14 అడుగులకి అది గంటకి 9.3 కిలోమీటర్లు, 16కి 9.9, 18కి 10.5. ఇదేం గోడ కాదు, ఎత్తు పెరుగుతూ పోయే గట్టు. అంత దూరం వెళ్లకముందే, నీ వెడల్పు ప్లాస్టిక్ పడవలో అయితే 8 దగ్గరే, కాళ్ల కింద నేల లేస్తున్నట్టు తెలుస్తుంది. ముక్కు ముందు గుట్ట అన్నావే, అదే ఇది.

ఆ గట్టుకి చాలా ఇవతల, అంటే నువ్వు గంటసేపు నిలబెట్టగలిగే 7, 7.5 దగ్గర, అల సంగతి చిన్నది. అక్కడ నిన్ను ఆపేది పడవ చర్మానికి నీళ్లు రాసుకోవడం. పొడవు పెరిగితే రాసుకునే చర్మమూ పెరుగుతుంది. కాబట్టి నీ ఇంజను ఆ పైకి వెళ్లనంత కాలం చివరి రెండడుగులు నువ్వు ఊరికే మోసుకు తిరుగుతున్నట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. రాపిడి ఒక్కటే లెక్క వేసుకున్నా కావలసిన శక్తి వేగం మూడో ఘాతంగా పెరుగుతుంది. 10 శాతం వేగం కావాలంటే 33 శాతం ఎక్కువ కష్టపడాలి. 6.5 నుంచి 7.5కి పోవాలంటే ఒకటిన్నర రెట్లకి పైనే. పడవ మార్చి కొంత తెచ్చుకుంటావు, మిగతాది ఒంట్లోంచి రావాల్సిందే.

మా భీమిలిలో తెప్పలుండేవి. నాలుగైదు దుంగలు కలిపి తాళ్లతో కట్టడం, వేట నుంచి రాగానే కట్లు విప్పి ఒడ్డున ఎండబెట్టడం. వేగం అన్న మాటే దాని దగ్గర లేదు. కానీ ఒడ్డుకి వచ్చేటప్పుడు చూడాలి. విరిగే కెరటాలకి అవతల ఆగి, ఒకటి పోనిచ్చి, రెండు పోనిచ్చి, ఏదో ఒకదాని వీపు మీద పడి తెడ్డు వేస్తే ఇసకలోకి వచ్చి కూర్చునేది. నీళ్లెప్పుడు మోస్తాయో చూసి అప్పుడే బలం వాడేవాళ్లు. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్న ఫార్వర్డ్ స్ట్రోక్ కన్నా అదే నాకు ఎక్కువ పనికొచ్చింది. సరే, ఎక్కడికో పోతున్నాను.

కొనే ముందు రెండు ఎపిక్ కయాక్‌లూ, ఆ స్కీ, మూడూ అద్దెకి తీసుకో. ఒకే దారి, రానూ పోనూ, ఎందుకంటే గాలి వాచీని మోసం చేస్తుంది. గుండె 130 దగ్గర పట్టి ఉంచి వేగం చూడు. ఆ తర్వాత కావాలని ఒక పాడు మధ్యాహ్నం, సరస్సు మీద మోటారు బోట్లు తిరిగే వేళ, మళ్లీ వెయ్యి. రెండో అంకె చూసి కొను.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక పరీక్ష. వెనక హ్యాచ్‌లో రెండు బకెట్ల నీళ్లు పోసి మూత పెట్టు. ముక్కు కిందికి వంచి పది నిమిషాలు ఉంచు, సీటు వెనక అడ్డగోడ అంచు వేలితో తడిమి చూడు. తడి తగిలిందంటే అతుకు పోయినట్టే. ఆ అడ్డగోడలే నువ్వు బోల్తా పడ్డప్పుడు పడవని తేలుస్తాయి. అమ్మేవాడు ఏం చెప్పినా బకెట్లు తీసుకెళ్లు.

క్యాంపింగ్‌కి స్కీ వద్దంటాను. రొసారియో జలసంధి దాటి జేమ్స్ ఐలండ్‌కి పోతే అక్కడ తాగునీళ్లు ఉండవు. మూడు రాత్రులకి నీళ్లే 12 లీటర్లు వేసుకో. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, తిండి అన్నీ కలిపితే పాతిక కిలోలు దాటుతుంది. వీ7లో అదంతా పట్టదు. పైగా ఆ దారిలో రిఫైనరీలకి పోయే ట్యాంకర్లు తిరుగుతాయి. అవి నీ కోసం ఆగవు, ఆగలేవు.

సెవెంటీ48కి నవ్వను. 2018లో మొదలైంది, నేను 2019లో చేశాను. మోటారూ లేదు, తెరచాపా లేదు, మనిషి బలమే. వేషాన్ దీవికి పడమటి వైపు కాల్వోస్ పాసేజ్ అని ఉంటుంది. అక్కడ పోటైనా పాటైనా ప్రవాహం ఎక్కువసేపు ఉత్తరానికే పోతుంది. అందులో నా సగటు చూసి నేనే నమ్మలేదు. తెల్లారగట్ల పాయింట్ నో పాయింట్ దగ్గర మాత్రం నిద్ర కళ్లతో, నీళ్లలో ఎవరో తెలుగులో మాట్లాడుతున్నట్టు అనిపించింది. వేగమైన పడవ లేదని ఆ రోజు ఒక్కసారి కూడా అనుకోలేదు. మెత్తటి సీటు లేదని చాలాసార్లు అనుకున్నాను.

నీలవేణి:

నేను ఫిజియోథెరపిస్టుని, టకోమాలో ఉంటాను, 16 అడుగుల కయాక్ వేస్తాను. భీమిలి గారు చెప్పని రెండు మూడు మాటలు.

గౌతమి గారూ, మీ మోకాలి సంగతి చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. ఇప్పుడున్న పడవలో మోకాళ్లు బయటికి పరిచి, పక్కలకి నొక్కి కూర్చుంటున్నారు కదా? వేగంగా వేసేటప్పుడు అలా కాదు. మోకాళ్లు రెండూ మధ్యకి తెచ్చి, కాస్త పైకి లేపి, కుడి తెడ్డుకి కుడి కాలు తన్నాలి. ఆ తన్నుతోనే తుంటి తిరుగుతుంది, తుంటితో నడుము. దీనికి కాక్‌పిట్, అంటే కూర్చునే గుంత, పొడుగ్గా ఉండాలి, సీటు జారుడుగా ఉండాలి. వీపుకి ఎత్తుగా కుర్చీలాంటిది ఉంటే అది తిరగనివ్వదు, తీసేసి పట్టీ పెట్టించుకోండి.

కాలి కింద ఏముందో తప్పకుండా చూడండి. పాత తరహా పెడల్స్ చుక్కాని (రడ్డర్) కోసం మొత్తానికి మొత్తం ముందుకీ వెనక్కీ జారతాయి. మీరు కుడి కాలు తన్నగానే పడవ కుడికి తిరుగుతుంది, ఎడమ కాలు తన్నగానే ఎడమకి. పాములా పోతుంది. కాలి పలక కదలకుండా ఉండి, పైన వేళ్లతో నొక్కే చిన్న పెడల్ మాత్రమే చుక్కానిని తిప్పేలా ఉండాలి. షాపులో కూర్చుని కళ్లు మూసుకుని తన్ని చూడండి, వెంటనే తెలుస్తుంది.

వింగ్ పాడిల్ మొదటి రోజే అక్కర్లేదు. దాని ఆకు చెంచాలా వంగి ఉంటుంది, పడవ పక్క నుంచి బయటికి పోతూ పట్టు దొరికించుకుంటుంది. నడుము తిప్పడం రాకుండా దాన్ని పట్టుకున్నవాళ్లు మోచేతి నొప్పితో నా దగ్గరికి వస్తారు. నాకు గిరాకీయే అనుకోండి. 205 నుంచి 215 సెంటీమీటర్ల మధ్య పొడవు మార్చుకునేది ఒకటి అడిగి తెచ్చుకుని, నెల రోజులు నెమ్మదిగా వేయండి.

చివరిది. సమామిష్ ఆగస్టులో గోరువెచ్చగా ఉంటుంది, పర్వాలేదు. ఇక్కడి సముద్రపు పాయ, ప్యూజెట్ సౌండ్, అలా కాదు. ఏడాది పొడవునా ఇంచుమించు 8 నుంచి 13 డిగ్రీలు. ఆ నీళ్లలో పడితే మొదటి ఒక్క నిమిషం ఊపిరి మీ మాట వినదు, ఆ తర్వాత పది నిమిషాల దాకే చేతులు మీ మాట వింటాయి. పడవ డబ్బులోంచి డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూటు) డబ్బు ముందే పక్కన పెట్టండి. అది పోగా మిగిలినదాంట్లో ఏది వస్తే అది కొనండి.

ఋషికొండ కుర్రాడు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. వైజాగ్ నుంచి. ఇక్కడ బీచ్‌లో అద్దెకిచ్చేవి పైన కూర్చునే వెడల్పాటి ప్లాస్టిక్‌వి. పొడవు పడవ తెప్పించుకుందామంటే, పడవ ధర కన్నా దాన్ని ఇక్కడికి చేర్చే ఖర్చే భయపెడుతోంది. భీమిలి అన్నా, మన తీరానికి 18 అడుగుల కార్బన్ పడవ పనికొస్తుందా?

భీమిలి తెప్ప:

ఒడ్డు దాటాక బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాటడమే. మన దగ్గర కెరటం ఒడ్డు మీదికొచ్చి విరుగుతుంది. పొడుగు పడవ ఒక్కసారి అడ్డం తిరిగి, ముక్కు ఇసకలో, తోక కెరటంలో పడిందంటే మధ్యకి విరుగుతుంది. ప్లాస్టిక్ స్కీ దొరికితే చూడు. లేదంటే తెప్పలవాళ్లు కొన్నాళ్లు ఎలా వస్తున్నారో కూర్చుని చూడు, అది ఫ్రీ.

గౌతమి పాయ:

అందరికీ థాంక్స్ అండి. ఏప్రిల్‌లో అడిగాను, ఇప్పుడు ఆగస్టు చివర. ఆలస్యమైంది కానీ అన్నీ చేశాకే రాద్దామనుకున్నాను.

మూడూ వేశాను. రెండు అద్దెకి, 18ఎక్స్ మాత్రం సౌండ్ రోయర్స్ క్లబ్బులో పరిచయమైన ఒకాయన రెండు వారాలు ఇచ్చారు. మనుషులు ఇంత మంచివాళ్లుంటారా అనిపించింది. ఐడిల్‌వుడ్ నుంచి అదే దారి, గుండె 130 దగ్గర పట్టుకుని. నా ప్లాస్టిక్‌ది 6.4, 16ఎక్స్ 7.2, 18ఎక్స్ 7.3, వీ8 సర్ఫ్‌స్కీ 7.5. ఒక్క కిలోమీటరు ఒళ్లు దాచుకోకుండా వేస్తే 16కి 8.9, 18కి 9.3 వచ్చింది. అంటే భీమిలి అన్నగారి లెక్క కరెక్టే. ప్రాణం పెట్టి వేసినప్పుడే ఆ రెండడుగులు మాట్లాడాయి. నేను ప్రాణం పెట్టి వేయగలిగింది ఏడు నిమిషాలు.

తర్వాత పాడు మధ్యాహ్నం. జులైలో ఒక శనివారం మూడింటికి, పెద్ద అలలు లేపే వేక్ బోట్లు తిరుగుతుండగా వెళ్లాను. 16 మీద 6.8. మరుసటి శనివారం 18 మీద 6.6, తుంటి దగ్గర రెండు వైపులా నొప్పి. ఆ పైవారం స్కీ మీద అంకె లేదు, ఎందుకో చెప్తాను. బాగానే పోతున్నాను. వెనక నుంచి ఒక పెద్ద అల వచ్చి పడవని ఎత్తింది, వేగం 11 దాటినట్టనిపించింది. ఎంతుందో చూద్దామని మణికట్టు వైపు తల వంచాను. అంతే. పైన ఆకాశం ఉండాల్సిన చోట నీళ్లున్నాయి. వింగు పిచ్చి చెప్పినట్టే పొట్ట మీద ఎక్కాను, కూర్చున్నాను, రెండో వైపు పడ్డాను. మూడోసారికి నిలబడింది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి కాబట్టి నవ్వుకుంటూ వచ్చాను. రొసారియోలో అయితే నవ్వేవాణ్ని కాదు. స్కీ తప్పని అనను, చాలా సరదాగా ఉంది. ఇంకో రెండేళ్లకి నా నడుం అడిగితే చూద్దాం.

16ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. అమ్మే ఆయన 1,900 డాలర్లు అడిగాడు, ఎక్కడా లీకు లేదన్నాడు. నేను బకెట్లు తీసుకెళ్లాను. ఆయన వాటికేసి చూసిన చూపు చెప్పలేను. నీళ్లు పోసి, ముక్కు పచ్చికలోకి వంచి, ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. ఆరు నిమిషాలకి సీటు వెనక అడ్డగోడ కింది అంచున, ఎడమ మూల, దారప్పోగంత సన్నగా ఒక మెరుపు. వేలు పెడితే తడి. "చలికి చెమ్మ పట్టి ఉంటుంది" అన్నాడు. జులైలో! వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాను, మళ్లీ తడి. చుక్కాని తాడు కూడా పెడల్ దగ్గర పీచు లేచి ఉంది. 1,550కి ఒప్పుకున్నాడు. ఇంటికి తెచ్చి ఆ అతుకు గీకి, గ్లాస్ టేపు, ఎపాక్సీ వేశాను. రెండు రోజులు గరాజంతా వాసన. తాడు మార్చాను. పెడల్స్ నీలవేణి గారు చెప్పినట్టు కళ్లు మూసుకుని తన్ని చూశాను, పలక కదల్లేదు.

డ్రైసూట్ ముందే కొన్నానండి, మీ మాట విని. మెడ దగ్గర రబ్బరు మొదటి వారం పీక పిసికినట్టే ఉంది. బియ్యం డబ్బా లోపల పెట్టి నాలుగు రోజులు సాగదీశాను, ఇప్పుడు పర్వాలేదు.

పోయిన వారం జేమ్స్ ఐలండ్‌లో రెండు రాత్రులు ఉండి వచ్చాను. సామాను 28 కిలోలు. ఖాళీగా ఉన్నప్పటి కన్నా బరువుతో ఇంకా నిలకడగా ఉంది పడవ, వేగం 0.3 తగ్గింది, అంతే. నీళ్లు మందగించే వేళ చూసుకుని పొద్దున్నే జలసంధి దాటాను. దూరంగా ఒక ట్యాంకర్ కనిపించింది. అది కదులుతోందా లేదా అని చూస్తూ ఆగిపోయి, అది పూర్తిగా పోయాకే తెడ్డు వేశాను. పావుగంట పోయింది. ఆ పావుగంటలో ప్రవాహం నన్ను ఎంత పక్కకి లాగిందో వాచీలో గీత చూస్తే తెలిసింది, కొడవలిలా వంగి ఉంది. మళ్లీ వెళ్తే ఒంటరిగా మాత్రం వెళ్లను.

ఒక నష్టం. రాత్రి టెంటు బయట పెట్టిన సంచీని రకూన్లు విప్పాయి. చపాతీలు ముట్టుకోలేదు, పులిహోర మాత్రం గింజ మిగల్లేదు.

భీమిలి తెప్ప:

ఆ దీవిలో రకూన్లు పేరుపడ్డ దొంగలు, చెప్పడం మర్చిపోయాను, నా తప్పే. తిండి ఎప్పుడూ హ్యాచ్‌లో పెట్టి పట్టీలు బిగించు. మళ్లీ దాటేటప్పుడు దీవి ఒక్కటే చూసుకుని పోకు, వెనకున్న కొండా ముందున్న చెట్టూ ఒకే వరసలో ఉండేలా చూసుకుంటూ పో. వరస తప్పిందంటే ప్రవాహం లాగుతున్నట్టు. సెప్టెంబరు రెండో శనివారం నేను బెల్‌వ్యూ వస్తున్నాను, మా అమ్మాయి అక్కడే ఉంటుంది. పొద్దున్నే ఆరున్నరకి ఎనటై బీచ్ దగ్గర దించుదాం. మెర్సర్ ఐలండ్ చుట్టూ 13 మైళ్లు. వింగ్ పాడిల్ ఒకటి తెస్తాను, సగం దూరం నువ్వు వేసి చూడు.

ఇంతకీ పడవ గరాజ్‌లో పట్టిందా? ఫ్రిజ్ ఏం చేశావు?

గౌతమి పాయ:

తప్పకుండా వస్తానండి, ఆరుంపావుకే ఉంటాను.

ఫ్రిజ్ కదల్లేదు. పడవకీ దానికీ మధ్య ఇరవై అంగుళాలు మిగిలింది. తలుపు పూర్తిగా తెరుచుకుంటోంది, మా ఆవిడ మాగాయ జాడీ బయటికి తీసి మరీ చూసుకుంది.